ఆటో వెనుక సంధ్య పేరు

పొద్దున్నే వాకిట్లో గరగరమని చప్పుడు వినబడితే, అండాలు పొయ్యి మీది చాయ్ దించి బయటికి వచ్చింది. భర్త పోశాలు తన ఆటో వెనుక గొంతుక్కూర్చుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. అక్కడ పదిహేనేళ్లుగా పసుపు రంగుతో కూతురు సంధ్య పేరు, దాని కింద ఆమె పుట్టిన తారీఖు ఉండేవి. తారీఖు అప్పటికే పోయింది. పేరులో సగమే మిగిలింది.

"ఏందయ్యా గిది? బిడ్డ పేరు గీకుడేంది?"

"మెల్లగ మాట్లాడు. పదిహేనేండ్లు నిండిన బండ్లు ఇయ్యాల్టి సంది అడ్డా మీద పెట్టద్దని మా ఆటో సంఘపోళ్లు తీర్మానం జేసిండ్రు. పిల్ల, బండి ఒక్క నెలల్నే వచ్చినయి. గీ తారీఖు సూస్తే ఎవలైన లెక్క గడ్తరు."

"తారీఖు ఒక్కటి గీకితే సాలదా?"

"గా జాగ ఒక్కటే తెల్లగ కనబడ్తది. అందుకే మొత్తం గీకుతున్న."

కంగారులో మనిషి తెలివి ఇలాగే ఏడుస్తుంది. అయినా ఏం చేస్తాడు? తొర్రూరు బస్టాండు పక్కనున్న ఆ అడ్డా తప్ప అతనికి వేరే బతుకుదెరువు తెలియదు.

బడి సంచీతో సంధ్య గడపలో నిలబడి అంతా చూసింది. పదో తరగతి పిల్ల, ఊరికే ఏడ్చే రకం కాదు.

"నా పేరు ఏం జేసింది బాపూ?"

పోశాలు ఎక్కమని సైగ చేసి బండి తీశాడు.

అడ్డా దగ్గర ఆటో సంఘం అధ్యక్షుడు ధర్మేందర్ చేతిలో జాబితాతో వరుసలోని ఆటోలను చూస్తున్నాడు. పోశాలు బండి దగ్గరికి రాగానే ఆగాడు.

"అన్నా, నాది పద్నాలుగేండ్లే. ఇంకో యేడాది ఆగుండ్రి."

ధర్మేందర్ గీకిన చోటు వైపు చూడనైనా లేదు. "పోశాలూ, నీ బిడ్డ ఇరవై ఒక్క దినాల దావత్‌కు మమ్ములందర్ని గీ బండ్లనే దీస్కపోయినవు. కొత్త బండి దావత్ గూడ గిదే అన్నవు. అడ్డా మొత్తం తిన్నది. మేం తారీఖు సదువుకోవాల్నా?"

వెనుక సీటులో సంధ్య ఉందని అతను అప్పుడు గమనించాడు. గొంతు తగ్గించాడు. "నా చేతుల లేదు తమ్మీ. నీకొక్కనికి ఇడిస్తే రేపు నలుగురొస్తరు. వరుసలకెల్లి బండి తియ్యి."

పోశాలు ఇంకా బతిమాలాడు. మిగతా డ్రైవర్లు ఫోన్లలో మొహాలు పెట్టుకున్నారు. పాపం, వాళ్లను మాత్రం ఏమనగలం? వాళ్ల బండ్లకూ ఏళ్లు నిండుతాయి.

ఆటో ఇంటికే తిరిగింది. బడి సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. వాకిట్లో దిగి, ఆ గీకిన చోట అరచెయ్యి పెట్టి పోశాలు భోరున ఏడ్చాడు.

"ఉత్తపుణ్యానికి నిన్ను తుడిపేస్తి బిడ్డా."

అండాలు కొంగుతో కళ్లొత్తుకుంది. రేపటి నుంచి ఏం చేయాలో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

సంధ్య లోపలికి వెళ్లి, గడపకు వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా తెచ్చింది. కుంచె దొరకలేదు. వేలితోనే పేరు రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి.

"అడ్డా మీద జాగనే లేదాయె. ఇంకెవలు సూస్తరు బిడ్డా?"

"నువ్వు సూడవా బాపూ?"

పోశాలు ముక్కు తుడుచుకున్నాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"తారీఖు గూడ రాయి" అన్నాడు. "సంవత్సరం జర పెద్దగ రాయి."