వంగే కర్ర, వంగని కర్ర

దారం ఫట్‌మని తెగింది. బెండు ఎగిరి గట్టు మీద పడింది. నీళ్ళలో ఒక సుడి లేచి అణిగింది. చేప పోయింది. దాంతోపాటు గాలం ముల్లూ పోయింది.

వందన చేతిలో టేకు కర్ర మిగిలింది.

"తెంపినవ్ గదా!" అన్నాడు సాద్. "బంగారుతీగ అది. నేను చూసిన. రెండు కిలోలు ఉంటది."

"దారమే కచ్చాది."

"దారం మంచిదే. నీ కట్టెనే మొండిది."

సాద్ పొద్దున వెదురు కర్ర తెచ్చాడు. మొదట్లో లావుగా ఉన్నా, దాని కొన చిటికెన వేలంతే ఉంది. "గిదేంది, సార్ బెత్తమా? పెద్ద చేపకు పెద్ద కట్టె ఉండాలె" అని వందన నవ్వింది. సాద్ ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే టేకు కర్రకు దారం కట్టేసింది.

వందన అలా అనుకోవడానికి కారణం ఉంది. వాళ్ళ బాపు వెంకటి చొప్పదండిలో పవర్‌లూమ్ నడుపుతాడు. దారం వదులైతే బట్ట పాడవుతుంది. "దారం బిగువుగ ఉండాలె" అని రోజూ అంటాడు. వంగని కర్ర అయితే దారాన్ని బిగువుగా పట్టుకుంటుందని వందన లెక్క.

సాద్ జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో ఒకే ముల్లు ఉంది. వాళ్ళ మామూ బెల్లంపల్లి నుంచి రెండు తెచ్చిచ్చాడు. ఒకటి ఇప్పుడు చేపతో పోయింది.

"గిది నీకియ్య. ఇగ నీతోని రాను."

డబ్బా మూసి వెళ్ళిపోయాడు. వెదురు కర్ర అక్కడే పడి ఉంది. గట్టు మీద కూర్చున్న బాపు దాన్ని కూడా సైకిల్‌కు కట్టాడు.

సాయంత్రం వందన బాపుకు చాయ్ తీసుకుని షెడ్డుకు వెళ్ళింది. మగ్గం నడుస్తోంది. దారాలు పైకీ కిందికీ విడిపోతున్నాయి. అవి విడిపోయినప్పుడల్లా మగ్గం వెనక ఉన్న రోలర్ కాస్త ముందుకు వంగి, మళ్ళీ వెనక్కి వస్తోంది. వందన పుట్టినప్పటి నుంచి ఈ మగ్గం చూస్తోంది. రోలర్ వైపు ఎప్పుడూ చూడలేదు.

"బాపూ, గా రోలర్ ఎందుకు ఊగుతది?"

బాపు మగ్గం ఆపాడు. "ఒత్తి చూడు."

వందన రోలర్‌ను ముందుకు ఒత్తింది. అది కదిలింది. చెయ్యి తీయగానే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగింది.

"ఊగకపోతే?"

"నిరుడు స్ప్రింగు జామయింది. పోగులు టకటక తెగినయ్. పరేషాన్ చేసింది."

"బిగువుగ ఉండాలె అంటవ్ గదా?"

"ఉండాలె బిడ్డా. బండరాయి లెక్క కాదు. గుంజితే జర రావాలె."

వందన ఇంటికి పరుగెత్తింది. రెండు కర్రలు, ఒక దారపు కండె పట్టుకుని సాద్ ఇంటి ముందు నిలబడింది.

"ఏంది పహిల్వాన్?" అన్నాడు సాద్ గడపలోంచి.

"నువ్వు చేపవు. గీ దారం పట్టుకొని గుంజు."

"ఏమైతది?"

"నాకూ తెల్వది. చూద్దాం."

వందన టేకు కర్ర పట్టుకుంది. సాద్ ఒక్కసారి గుంజాడు. దారం తెగింది. వెదురు కర్రకు అదే కండెలోని దారం కట్టారు. సాద్ గుంజాడు. కొన వంగింది. దారం వదలకుండా గల్లీలోకి రెండడుగులు పరుగెత్తాడు. కొన ఇంకా వంగింది. దారం తెగలేదు.

సాద్ ఆగి వెనక్కి చూశాడు. "పొద్దుగాల గిదే చెప్పబోయిన."

"అవ్. నేనే ఇనలే."

సాద్ కాసేపు కర్ర కొనను వేలితో ఊపాడు. "కట్టె మొత్తం సన్నగనే ఉంటే? చేపను పైకి లేపుతదా?"

ఇద్దరూ అదీ చూశారు. ఇంటి వెనక కట్టెల్లోంచి మొదలు నుంచి కొన దాకా సన్నగా ఉన్న ఇంకో వెదురు తీశారు. ఇటుక కట్టి ఎత్తితే అది మధ్యలో వంగిపోయింది. ఇటుక నేల విడవలేదు. సాద్ కర్ర మాత్రం మొదట్లో లావు, కొనకు సన్నం. దాంతో ఇటుక లేచింది.

ఆదివారం బాపుతో మళ్ళీ చెరువుకు వెళ్ళారు. సాద్ డబ్బా తెరిచి ముల్లు కట్టాడు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ముల్లు నీది. నువ్వే పట్టు," అంది వందన.

ఎండ ఎక్కాక బెండు మునిగింది. కర్ర విల్లులా వంగింది.

"గుంజాల్నా?" అని అరిచాడు సాద్.

"వద్దు! పోనియ్యి. అలిసిపోతది."

చేప అటు పోయింది, ఇటు పోయింది. కర్ర దాని వెంట వంగింది, లేచింది. సాద్ గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. చివరికి బాపు ఒడ్డున వంగి, రెండు చేతులతో చేపను పట్టుకున్నాడు. బంగారుతీగ.

సాద్ ముల్లు తీసి, అంగీకి తుడిచి, చూసుకున్నాడు. తర్వాత కర్ర వందన చేతిలో పెట్టాడు.

"ఇగ నీ వంతు."

వందన ముల్లుకు పిండి ముద్ద గుచ్చింది. కర్ర ఎత్తింది. విసరకుండా ఆగింది.

"సాద్, ఎటు ఏద్దాం?"