కషాయం పిప్పి

ఆ ఉదయం కూడా యాలన్ లింగ్‌జీ పుట్టగొడుగు ముక్కలను రెండుసార్లు మరగబెట్టి, కషాయం వడగట్టి అత్తగారికి ఇచ్చింది. చలికాలం నుంచి ఆవిడ ఊపిరితిత్తులు బాగోలేవు. డాక్టరు మాత్రలు ఎలాగూ ఉన్నాయి, తాము పుట్టగొడుగులు పెంచే దుంగల మీద పండిన ఈ చేదూ ఉంది.

పిప్పిని మాత్రం యాలన్ గాజు జాడీలో వేసి, చెక్కబీరువా వెనక దాచింది. నీళ్లకు దిగని సారం అందులో ఇంకా ఉంది, సారాయిలో నానబెడితే దిగుతుంది. పారబోసే పిప్పిలోంచి ఎంత వస్తుందో చూపిస్తే సారం తీసే పని ఆమెకే అప్పగిస్తామని సహకార సంఘం వాళ్లు అన్నారు. కొత్త పంటకు ఇంకా మూడు నెలలుంది. ఇంట్లో ఉన్న కాసిని ముక్కలూ అత్తగారికే సరిపోతాయి. ఆ పిప్పినేమో మామగారు గెన్‌షుయ్ రోజూ తీసుకెళ్లి వీధిలో పోసేవాడు. పదిమందీ తొక్కితే జబ్బు వాళ్ల కాళ్ల వెంట పోతుందని అక్కడ పెద్దల నమ్మకం.

ఆయన పిప్పి గిన్నె కోసం వెతికాడు. జాడీ దొరికింది.

“నా పెళ్లాం రోగాన్ని ఇంట్లోనే పెట్టి మూత బిగించావన్నమాట.”

“అది రోగం కాదు మామయ్యా, మందు. సగం మందు మీరు రోజూ వీధిపాలు చేస్తున్నారు.”

“మా అమ్మ మంచాన పడ్డప్పుడూ మేమిలాగే పోశాం.”

“పోస్తే ఆవిడ బతికారా?”

అన్న మరుక్షణమే యాలన్ నాలుక కరుచుకుంది. గెన్‌షుయ్ జాడీ బల్ల మీద పెట్టి గుమ్మంలో చతికిలబడ్డాడు.

లోపలి నుంచి అత్తగారు పిలిచింది. యాలన్ తల వంచుకుని వెళ్లింది, తిట్లు తప్పవనుకుంది. ఆవిడ తిట్టలేదు.

“పిప్పితో జబ్బు పోదని ఆయనకీ తెలుసే అమ్మాయ్. గిన్నెడు పోసి రావడానికి అరగంటెందుకు? వీధి మలుపులో గోడ చాటున నిలబడి ఏడ్చి, కాలవలో మొహం కడుక్కుని వస్తాడు. నాకు తెలీదనుకుంటాడు.”

యాలన్ ఇన్నాళ్లూ ఆయనది మూర్ఖత్వం అనుకుంది. ఆ ఇంట్లో ఆయన ఏడవడానికి చోటే లేదని ఒక్కసారీ తట్టలేదు. గబగబా వచ్చి జాడీ ఆయన చేతికిచ్చింది.

“పోసి రండి మామయ్యా. నేను తప్పు మాట్లాడాను.”

ఆయన లేచేలోగా గోడ పట్టుకుని అత్తగారే వచ్చింది. జాడీ తీసి మళ్లీ కోడలి చేతిలో పెట్టింది.

“ఇది నీ పనికి వాడుకో. పదవయ్యా, నేనూ వస్తాను.”

“ఎక్కడికి?” అన్నాడాయన.

“నువ్వు రోజూ నిలబడే చోటికే.”

ఆయన ముసలి మొహం ఎర్రబడింది. లేచి ఆవిడకు చెయ్యి అందించాడు. ఇద్దరూ వట్టి చేతులతో నెమ్మదిగా గోడ దాకా వెళ్లారు.

యాలన్ అటు చూడలేదు. పిప్పి మీద సారాయి పోసి జాడీ మూత బిగించింది. కాసేపటికి మామగారి ఏడుపు వినబడింది, మొదటిసారి ఇంట్లోకి వినబడేంత గట్టిగా.