పదో ఫిర్యాదు

"ఏమండీ, బోర్డుకి అడ్డంగా నిలబడ్డారు. కాస్త జరిగితే జనం చదువుకుంటారు."

"నేనూ జనమేనండీ. చదువుకుంటున్నాను."

"పావుగంట నుంచా? ఉన్నది రెండు లైన్లు!"

"అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. నెమ్మదిగా చదువుదామని."

ఆమె సుద్దముక్క అతని మీదికి విసరబోయి ఆగింది. భుజాన ఇనుప సామాను గలగలలాడే సంచీతో అతను నవ్వుతూ పక్కకి జరిగాడు. తాళాలు బిగించి, రిపేర్లు చేసేవాడు. కాలనీలో అందరికీ తాళాలబ్బాయి.

ఆమె బోర్డమ్మాయి. కాలనీ సంఘం ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. ఆ నెలలో ఎన్ని దొంగతనాలు జరిగాయో, చివరిది ఏ సందులో జరిగిందో రోజూ పొద్దున్నే గోడకున్న నల్లబోర్డు మీద రాస్తుంది. అది చూడకుండా ఎవరూ పనికి బయల్దేరరు. ఏ దారిన వెళ్ళాలో, ఏ దారి మానాలో వాళ్ళకి ఆ బోర్డే చెప్పాలి.

"మీకేంలెండి, నా అంకె పెరిగితే మీకు గిరాకీ."

"తగ్గించి చూడండి. పస్తులుంటాను గానీ, రోజూ వచ్చి చదువుతాను."

అన్నంత పనీ చేశాడు. ఆఫీసు తలుపు తాళానికి ఆ నెలలో మూడుసార్లు నూనె పోశాడు. నాలుగోసారి వచ్చినప్పుడు వాన పట్టుకుంది. ఇద్దరూ చూరు కింద ఇరుక్కుని నిలబడ్డారు. అతని ఎడమ భుజం మొత్తం తడుస్తోంది.

"లోపలికి జరగొచ్చు కదా?"

"జరిగితే మీరు తడుస్తారు."

ఆమె వానకేసి చూస్తూ నవ్వు దాచుకుంది. దాగలేదు. ఆ రోజుతో 'అండీ'లు పోయి, 'నువ్వు' వచ్చేసింది.

కానీ ఆమె ఇంట్లో అమ్మ ఉంది. రెండేళ్ళ కిందట నాన్నని ఈ కాలనీలోనే, పట్టపగలు, పర్సు వదల్లేదని పొడిచి చంపేశారు. అప్పటి నుంచి కూతురు ఐదు నిమిషాలు ఆలస్యమైతే చాలు, అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ ఒక లెక్క పెట్టుకుంది.

"ఏ నెలలో నీ బోర్డు మీద అంకె పది పడుతుందో, ఆ నెలలోనే అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నాం. ఇంకో మాట లేదు."

అన్నయ్య ఊరు రైల్లో రెండు రోజుల ప్రయాణం.

నెలాఖరుకి మూడు రోజులుండగా బోర్డు మీద తొమ్మిది ఉంది. ఆ మధ్యాహ్నం ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. గోదాముల సందులో ఇద్దరు మనుషులు ఆమె బ్యాగు లాక్కుపోయారు. బోర్డమ్మాయి ఫిర్యాదు రాసుకుంది. అది పదోది. సాయంత్రం తాళాలబ్బాయికి చెప్పింది.

అతను సంచీ దించి కింద పెట్టాడు. "ఒకటో తారీఖున అమ్మని మీ ఇంటికి పంపిద్దామనుకున్నాను. మీ అమ్మగారితో మాట్లాడ్డానికి."

"నాకిప్పుడా చెప్పడం?"

"మూడు రోజులే కదా. ఆగి రాయరాదూ? కొత్త నెలలో మళ్ళీ ఒకటి నుంచి మొదలు."

"తప్పు కదూ?"

"తప్పే," అన్నాడు.

మర్నాడు పొద్దున ఆమె బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడింది. తొమ్మిదిని చెరిపింది. మళ్ళీ తొమ్మిదే రాసింది. మూడు రోజులు ఏమీ జరక్కపోతే చాలు, దేవుడా, అనుకుంది.

ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఆ సాయంత్రం ఐదింటికి, సన్నగా జల్లు పడుతుండగా, బట్టలు కుట్టే ఒక పెద్దావిడ పని ముగించుకుని ఇంటికి బయల్దేరింది. కాళ్ళ నొప్పులు. గోదాముల సందు దగ్గరి దారి. పొద్దున బోర్డు చూసే వచ్చింది. ఆ సందు పేరు లేదు. దొంగలు సంచీ లాగినప్పుడు ఆవిడ గట్టిగా పట్టుకుంది. రాళ్ళ మీద పడింది. తుంటి విరిగింది. ఇక నడవడం కష్టమన్నారు డాక్టర్లు.

ఆవిడ తాళాలబ్బాయి తల్లి.

మర్నాడు బోర్డు మీద పదకొండు పడింది. అమ్మ సామాను సర్దడం మొదలుపెట్టింది. కూతురు పెట్టెలకి తాళ్ళు కట్టింది. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మాత్రం ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది.

మంచం పక్కన అతను కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది.

"పిన్నీ, ఆ సందులో ముందురోజే దొంగతనం జరిగింది. నాకు తెలుసు. నేను రాయలేదు."

"నేనే రాయొద్దన్నానమ్మా. నువ్వు ఆ దారిన వెళ్తావని తట్టలేదు," అన్నాడతను.

పెద్దావిడ ఇద్దరినీ చూసింది.

"ఎందుకు?"

"పది పడితే అమ్మ ఊరు వదిలేస్తానంది. అప్పుడు ఈయన్ని..."

"రాసుంటే పెద్దరోడ్డున వెళ్ళేదాన్ని," అంది పెద్దావిడ, తనలో తాను అనుకుంటున్నట్టు. దుప్పటి అంచు సవరించుకుంది. "మీ ఇంటికి రావడానికి మంచి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నానే తల్లీ. ఇప్పుడెట్లా రాను?"

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. బోర్డమ్మాయి లేచి గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి గొంతు వినిపించింది.

"చీకటి పడేట్టుంది. ఆ పిల్లని ఒంటరిగా పంపకురా. బస్సు దాకా వెళ్ళు."

ఇద్దరూ పెద్దరోడ్డు మీదుగానే నడిచారు.

"ఉండిపోరాదూ?" అన్నాడు బస్టాపులో.

"ఉండి, ఆవిడ మొహం రోజూ ఎలా చూడను? నువ్వు రాగలవా?"

"అమ్మని లేపి కూర్చోబెట్టాలన్నా నేనే."

"తెలుసు. ఊరికే అడిగాను."

మొదటి బస్సు వచ్చింది. ఎక్కలేదు. రెండోదీ వదిలేశారు. మూడోది ఖాళీగా వచ్చి నిలబడింది. దాన్ని వదలడానికి ఏ సాకూ దొరకలేదు.

కిటికీ పక్కన కూర్చుంది. అతను కిందనుంచి తలెత్తి చూశాడు.

"బ్యాగు ఒళ్ళో పెట్టుకో. పట్టీ చేతికి చుట్టుకో."

చుట్టుకుంది.

"కిటికీ వేసెయ్. చేతులు పెట్టి లాక్కుపోతారు."

ఆమె అద్దం వేసింది. అప్పుడతను ఇంకేదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది. "ఏంటి?" అంటూ ఆమె అద్దాన్ని మళ్ళీ తీయబోయింది. అది బిగుసుకుపోయింది. రెండు చేతులతో లాగుతూండగానే బస్సు కదిలింది.