కండ్లద్దాల్లో బొజ్జన్న

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోట్లో మిగిలిన మూడు పండ్లూ ఈ పొద్దే రాలిపోవాల. ఆ మూడింటితోనే నేను చెరుకు నములుతాండా, చూస్తాండావు గదప్పా... పోగొట్టుకుంటానా? కాబట్టి నమ్ము.

బేతంచెర్ల అవతల పాత నాపరాతి గని ఒకటుండాది. బొజ్జన్న గుంత అంటారు. ఎంత లోతంటే, ఎండాకాలంలో రాయి ఏస్తే వానాకాలంలో చప్పుడు వినిపిస్తాది. దాని గట్టు మీద ఎగరాలంటే కాకి కూడా ఇంగొక కాకిని తోడు పిల్చుకోని పోతాది. పొద్దు గూకినంక ఆ పక్క మేసిన మేక తిరిగొచ్చినా, రెండు దినాలు అరవడం మర్చిపోతాది.

ఎప్పుడో బొజ్జన్న అనే బండలు కొట్టేటోడు అందులో పడినాడంట. నోట్లో బీడీ ఉండాది, జేబులో అగ్గిపెట్టె లేదు. పక్కనోణ్ణి నిప్పు అడుగుదామని ఒక్క అడుగు ఎనక్కి ఏసినాడు... అంతే. బీడీ అంటుకోకముందే పాణం పోయింది. అప్పటి నుంచి చీకట్లో ఆ దావన పోయేటోళ్ళ చెవి కాడ, మెల్లగా ఒక గొంతు —

"నిప్పుండాదా..."

ఉండాదంటే ఇంటిదాకా ఎంట వస్తాడు. లేదంటే గుంతదాకా పిల్చుకోని పోతాడు. ఏం చెప్పినా చిక్కే.

ఇంత పేరున్న గుంతకు కంచె ఏసి వదిలేసింటే సరిపోయేది. వదల్లేదు. కండ్లద్దాల్లోకి ఎక్కిచ్చినారు!

ఎట్లంటావా? గుంత పక్కనే కేశవయ్య శెట్టి బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఆడికి కర్నూలు నుంచి ఉదయశ్రీ అని ఒక పాప వచ్చింది. మనిషికీ మిషనుకీ నడుమ ఏం జరుగుతాదో కనుక్కునే చదువంట ఆ పాపది. వస్తా వస్తా వీఆర్ కండ్లద్దాలు తెచ్చింది. చూసేదానికి నల్లటి డబ్బా. మొగానికి కట్టుకుంటే ఎదురుగా ఉన్న ఫ్యాక్టరీ మాయమై ఇంగొక లోకం కనపడతాది. అందులో క్రేను నడపడం నేర్చుకోవచ్చు. తప్పు చేస్తే రాయి ఆ లోకంలోనే పడతాది, ఈ లోకంలో ఎవురి కాలూ చితకదు. మణికట్టుకు ఒక పట్టీ కట్టి, మనిషి గుండె ఎంత దడదడలాడుతాదో కూడా చూస్తాది ఆ పాప.

నేర్చుకునేది నిజంలాగా ఉండాలని బొజ్జన్న గుంతనే చుట్టూ తిరిగి ఫోటోలు పట్టి లోపల పెట్టింది. ప్రమాదాలు రాత్రి పనిలోనే ఎక్కువని రాత్రిని కూడా పెట్టింది.

అంటే చూడు... బయట మిట్టమధ్యాన్నం, బండ మీద దోసె పోస్తే కాలేంత ఎండ. కండ్లద్దాల లోపల అమాస.

క్రేను నడిపే ముసలాయన పని మానుకున్నాడు. ఆ కుర్చీ ఎవురికియ్యాల? శెట్టి మాట ఒక్కటే. "కండ్లద్దాలు పెట్టుకోని, రాతిదిమ్మను గుంత అంచు నుంచి లేపి లారీలోకి దించాల. దించేదాకా అద్దాలు తీయకూడదు. తీసినోళ్ళు మళ్ళా వాళ్ళ పాత పనికే."

అడిగినోళ్ళలో శివకుమారి ఒకతె. పాలిష్ మిషను కాడ నీళ్ళు పోసే పని ఆమెది. పెండ్లయిన కాడి నుంచి ఆమె పాదాలు పొడిగా ఉన్న దినం లేదు. నీళ్ళలో, రాతి బురదలో నాని నాని వేళ్ళ సందులన్నీ పుండ్లు. పండగనాడు కూడా మెట్టెలు పెట్టుకోదు, తగిల్తే మంట. క్రేను కుర్చీ ఎత్తులో ఉండాది... గాలి ఆడతాది... నీళ్ళుండవు. ఆమెకు కావాల్సింది పొడి కాళ్ళు. ఇంగేమీ లేదు.

ఆయుధపూజ ఎల్లిన మర్నాడే పరీక్ష పెట్టినారు. మిషన్ల మీద పూలమాలలు ఇంకా వాడలేదు. టీ కాచే లక్ష్మక్క ముందు దినమంతా పసుపు, కుంకుమ గిన్నెలు పట్టుకోని, నీళ్ళ మోటారు నుంచి శెట్టి స్కూటరు దాకా దేన్నీ వదలకుండా బొట్లు పెట్టింటే, ఫ్యాక్టరీ అంతా పెండ్లికూతురు మాదిరి ఉండాది.

ముందు రంగస్వామి. ఆయప్ప మీసం చూస్తే పులి పక్కకు జరిగి దావ ఇస్తాది. అద్దాలు కట్టుకున్నాడు. చేతికొక పిడి ఇచ్చినారు, అవే క్రేను మీటలు.

కొంచేపు బాగానే ఉండాడు. ఆ తర్వాత మీసం ఒణికింది.

"గుంత... గుంత నా దిక్కే నడ్సుకుంటా వస్తాంది..."

ఏమైందోనని శెట్టి దగ్గరికి జరిగినాడు.

"బీడీ వాసన!"

కెవ్వుమని ఎగిరి, చేతికి అందిన మెడ పట్టుకున్నాడు. ఆ మెడ కేశవయ్య శెట్టిది. అద్దాలు ఎగిరి పోతాంటే ఉదయశ్రీ అందుకుంది.

"ఎర్రగా నిప్పు... నిప్పుండాదా అన్నాడు... నన్నే, నన్నే అడిగినాడు!"

ఆ అరుపుకు మంత్రాలయం కాడ తుంగభద్ర పారేది మాని ఒక్క ఘడియ నిలబడి వినిందంట.

వరసలో ఉన్న మిగతావాళ్ళలో ఒకాయనకు కడుపునొప్పి లేసింది. ఇంగొకాయనకు తమ్ముని పెండ్లిచూపులు గుర్తొచ్చినాయి. మిగిలింది శివకుమారి.

"నీకెందుకులేమ్మా, ఆడమనిషివి. మగోళ్ళే..." అని గొణిగినాడు శెట్టి.

"మగోడు మీ మెడ మీద ఉండాడు శెట్టీ. ముందు ఆయప్పను దించుకోండి," అనింది.

అద్దాలు కట్టించుకుంది.

చీకటి.

అట్లాంటిట్లాంటి చీకటి కాదు... చేయి చాపితే కాటుక మాదిరి అంటుకునే చీకటి. యాడో దూరంగా ఒక్క లైటు. కాళ్ళ ముందర నోరు తెరుచుకోని గుంత. పైన గొలుసు, గొలుసుకు కొక్కెం, కొక్కేనికి ఏనుగంత దిమ్మ. కిర్రు... కిర్రు...

ఇదంతా బొమ్మేనని ఆమెకు తెలుసు. కాళ్ళకు తెలీదు. అవి ఎనక్కి జరగాలని చూస్తాండాయి.

మీట తిప్పింది. దిమ్మ లేచింది. సగం దూరం వచ్చింది —

నేల కదిలింది.

ఆమె అడుగు ఏయలేదు. గుంతే జరుగుతాంది. మెల్లగా, పాకుతా, ఆమె పాదాల దిక్కు...

బీడీ వాసన.

కండ్లద్దాల్లో వాసన యాడిది?

చీకట్లో ఎర్రగా ఒక చుక్క తేలింది. దాని పక్కన ఇంగొకటి. చెవి కాడ... శానా మెల్లగా...

"నిప్పుండాదా..."

శివకుమారి చేయి మొగం దిక్కు లేచింది. ఒక్క లాగు లాగితే చాలు. ఎండ వస్తాది, మనుషులు వస్తారు. వాళ్ళ ఎనకనే నీళ్ళూ వస్తాయి, బురదా వస్తాది, పుండ్లూ వస్తాయి...

చేయి దించింది.

అప్పుడు చూసింది. ఆ ఎర్ర చుక్కలకు కింద, నల్లగా ఒక మనిషి. యాడ నిలబడినాడు? ఏలాడే దిమ్మకు సరిగ్గా కింద!

భయం యాడికి పోయిందో, కోపం వచ్చింది ఆమెకు. గనుల కాడ పుట్టి పెరిగినోళ్ళు అంతే. రాయి కింద నిలబడింది దేవుడైనా సరే, ముందు తిట్టి ఆ తర్వాత దండం పెడతారు.

"ఓయప్పా! రాయి కిందనా నిలబడేది? బుద్ధుండాదా నీకు? తప్పుకో!"

కదల్లేదు.

"నిప్పుండాదా..."

"నిప్పూ లేదు, పప్పూ లేదు! నా చేతులు ఖాళీగా ఉండాయా? రాయి దించినంక ఇస్తాలే. ఒగసారి పడి సచ్చింది చాలదా నీకు? తప్పుకోమంటాండా గదా!"

దిమ్మను గాల్లోనే నిలిపింది. నిలిపి, కాచుకోని ఉండింది. గుంత పాక్కుంటా వచ్చి ఆమె పాదాల కిందికే దూరింది... కింద ఇంగ ఏమీ లేదు... మీట మీద చేయి మాత్రం వెంట్రుకంత కూడా జరగలేదు.

ఆ నల్లటి మనిషి... మెల్లగా... పక్కకు తప్పుకున్నాడు.

దిమ్మ దిగింది. చంటిపిల్లను ఉయ్యాల్లో పండబెట్టినట్ల లారీలో కూర్చుంది.

అద్దాలు తీస్తే మొగమంతా చెమట. ఉదయశ్రీ పట్టీ చూసి నోరు తెరిచింది. "అక్కా, నీ గుండె రైలింజను మాదిరి కొట్టుకుంటాంది. చేయి ఎట్ల నిలిపినావు?"

అంటానే కండ్లద్దాలను తిప్పి చూసింది. మళ్ళా చూసింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది.

ఆ నల్లటి డబ్బాకు ముందు పక్క చిన్న చిన్న కెమెరా కండ్లుంటాయి. నేల యాడుండాది, మనిషి యాడుండాడని వాటితోనే చూసుకుంటాది. ఇప్పుడు ఆ కండ్లన్నిటి మీదా పసుపు, పసుపు మీద గుండ్రంగా కుంకుమబొట్టు!

"లక్ష్మక్కా!" అని అరిచినాడు శెట్టి.

లక్ష్మక్క టీ గ్లాసులతో వచ్చింది. "నేనే పెట్టినా. ఊర్లో మిషన్లన్నిటికీ పెట్టి దీనికి పెట్టకుంటే అలగదా? బొట్టు పెట్టేది మొగానికే. దాని మొగమంతా కండ్లే ఉంటే నేనేం చేసేది తల్లీ?"

కండ్లు మూసుకుపోయిన మిషనుకు నేల దొరకలేదు, అందుకే గుంత జరిగింది. దావ తప్పినప్పుడల్లా అది బయటి లోకాన్ని కొంచెం చూపిస్తాదంట. ఆ కొంచెం కుంకుమలోంచి ఎర్రగా కనపడింది. ఇంగ బీడీ వాసన? ఆ గొంతు? కిటికీ అవతల వాచ్‌మన్ నరసన్న. జేబు నిండా బీడీలు, పుట్టిన కాడి నుంచి అగ్గిపెట్టె లేదు. పొద్దస్తమానం టీ పొయ్యి కాడికొచ్చి అదే పాట — "నిప్పుండాదా అక్కా?"

అందరూ కడుపులు పట్టుకోని నవ్వినారు. రంగస్వామి అప్పుడు దిగినాడు శెట్టి మెడ మీది నుంచి.

"కుర్చీ నీదేనమ్మా," అన్నాడు శెట్టి, మెడ రుద్దుకుంటా.

శివకుమారి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. తుడుచుకోని, ఆ పాప దిక్కు తిరిగింది. "బొట్టు సరే, నరసన్న సరే. రాయి కింద మనిషిని పెట్టినావు చూడు పాపా, అది మాత్రం మెచ్చుకోవాల. తప్పుకోమంటే తప్పుకున్నాడు గూడా!"

ఉదయశ్రీ నవ్వు ఆగిపోయింది.

"మనిషా... గుంతలో నేను మనిషిని పెట్టలేదక్కా."

ఈసారి ఎగిరింది శెట్టి. దొరికింది రంగస్వామి మెడ.

ఇప్పుడు పోయి చూడు, శివకుమారి క్రేను మీద కూర్చోనుంటాది. కాళ్ళు పొడిగా, మెట్టెలు పెట్టుకోని. ఆ మెట్టెల మెరుపు నంద్యాల దాకా కొడతాది. రాయి దించే ముందు ప్రతిసారీ కేకేస్తాది — "బొజ్జన్నా, తప్పుకో!" కొంచేపు ఆగి, అప్పుడు దించుతాది. రాయి దించినంక నిప్పు ఇస్తా అన్న మాట కూడా తప్పలేదు. పని దిగి పోతా పోతా గుంత గట్టు మీద ఒక అగ్గిపెట్టె పెట్టి పోతాది.

నరసన్న ఎత్తుకుంటాడు అనుకుంటాండావు గదా? నేనూ అట్లే అనుకున్యా. కూతురి కాన్పని నరసన్న రాజంపేటకు పోయి వారమైంది. నిన్న పెట్టిన పెట్టె ఈ పొద్దు ఖాళీగా ఉండాది... కాలిన పుల్లలు పక్కన వరసగా పేర్చి.

శివకుమారికి ఈ పొద్దు జొరం. అగ్గిపెట్టె నా చేతికిచ్చి పెట్టి రమ్మనింది. నాకు మోకాళ్ళ నొప్పి. ఏమట్ల చూస్తావు? భయం కాదప్పా, మోకాళ్ళే. ఇదో, పట్టుకో. లేసి పోయి గట్టు మీద పెట్టి రా. ఇంకా వెలుతురుండాది... కొంచెం. ఎవురైనా ఏమైనా అడిగితే ఉండాదనొద్దు, లేదనొద్దు. "తప్పుకో" అను, చాలు.

వచ్చేటప్పుడు మూల అంగట్లో నాకు వక్కాకు తీసుకురా. ఒక్కనివే వస్తాంటే వక్కాకు చాలు.

ఎంట ఎవురైనా వస్తాంటే... ఒక బీడీ కట్ట గూడా.