ఆ వీడియోలో పాట లేదు

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, రైల్వే స్టేషన్ మెట్ల మీద, చేతిలో టీ కప్పుతో నిలబడ్డ రేడియో మెకానిక్‌ని ఎవరో రెండు తూటాలతో కాల్చేశారు. పది గంటలకల్లా నలభై సెకన్ల ఆ వీడియో ఊళ్లో సగం ఫోన్లలో ఉంది. రాత్రికి ఇరవై రెండు లక్షల మంది చూశారు. చూసి ఊరుకుంటారా? నలభై ఒక్క వేల మంది నోరు విప్పారు.

"అది రక్తం కాదు, టమాటా సాస్. నేను ఫీల్డులో ఉన్నా, నాకు తెలుసు."

"కెమెరా పట్టుకున్నవాడు చెయ్యందించొచ్చుగా?"

"మీరైతే అందించేవారా? నీతులు చెప్పడం తేలిక."

"ఆ చొక్కా ఎక్కడ దొరుకుతుంది బ్రో?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి వంశం ఇంకా అంతరించలేదు. ఇప్పుడు దానికి మంచి నెట్ కనెక్షన్ కూడా ఉంది.

చనిపోయినవాడు నిజానికి రేడియో మెకానిక్ కాదు. ప్రత్యేక నిఘా విభాగంలో పదకొండేళ్లు పనిచేసిన ఏజెంట్. అదే విభాగంలో పనిచేసే 'గోడ'కు స్వయానా బావ, సొంత అక్క మొగుడు.

గోడ అన్నది ఆఫీసు పెట్టిన పేరు. ఏం చూపించినా ముఖం మారదని పెట్టారు. అతని పని వీడియోలు చూడటం. ఫర్నిచర్ గోడౌన్ పైన, కిటికీలకు నల్ల కాగితం అంటించిన హాల్లో పన్నెండు మంది కూర్చుని, శత్రుదేశపు ముఠాలు వీడియోల ద్వారా ఏం పంపుకుంటున్నాయో కనిపెడుతుంటారు. ఒక్కొక్కరికి రోజుకు నాలుగు వందల వీడియోలు. అక్కడ రెండు నియమాలు. సౌండ్ తీసేయాలి. రెండింతల వేగంతో చూడాలి. కళ్లతోపాటు చెవులు కూడా అప్పగిస్తే మూడో నెలకల్లా మనిషికి మతి పోతుందని విభాగం డాక్టరమ్మ రాసిచ్చింది. ఆమె రాసిచ్చేలోపే ఇద్దరికి పోయింది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు పెద్దాయన, అంటే విభాగాధిపతి, అతన్ని గదికి పిలిచాడు.

"మీ బావ వీడియో ఎన్నిసార్లు చూశావ్?"

"అరవై ఒకటి సార్."

"ఏమనిపించింది?"

గోడ నిజాయితీగా ఆలోచించాడు. "ఏమీ అనిపించలేదు సార్."

"అందుకే అసైన్‌మెంట్ నీకిస్తున్నా. కూర్చో."

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ముఠా కోడ్ నేమ్ 'బాల్కనీ'. పద్ధతి చాలా తెలివైనది. నలుగురి మధ్యలో ఒక హత్య చేస్తారు. తామే వీడియో తీస్తారు. అది వైరల్ అవుతుంది. కింద వేల కామెంట్లు పడతాయి. వాటి మధ్యలో, హంతకుడికి తరువాతి ఆర్డర్ మామూలు కామెంటులాగా పడుతుంది. సంతలో జేబు కొట్టడం తేలికన్నట్టు, ఆ గోలలో ఎవరికీ కనబడదు. బావ ఈ సంగతి కనిపెట్టి సోమవారం రిపోర్టు పంపాడు. మంగళవారం ఆయనే వీడియో అయ్యాడు.

"ఏ కామెంటు?" అడిగాడు గోడ.

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? కంప్యూటర్లు నలభై ఒక్క వేలూ జల్లెడ పట్టాయి. ఏమీ దొరకలేదు. నువ్వెళ్లి 'ఉల్లిపాయ'ని కలువు. ఇదిగో, ఇంజనీర్ ఇచ్చిన జామర్. నొక్కితే ముప్పై మీటర్లలో ఒక్క ఫోనూ పలకదు."

సబ్బుపెట్టె అంత నల్ల డబ్బా అది. గోడ దాన్ని సంచిలో పడేసి, మేకప్ రూమ్‌లో గుబురు మీసం అంటించుకుని, మెడలో కొలత టేపు వేసుకుని, కర్టెన్లు కుట్టేవాడి వేషంలో బయలుదేరాడు.

ఉల్లిపాయ ఉద్యోగం రియాక్షన్లు. ఇతరుల వీడియోలు చూస్తూ కెమెరా ముందు నవ్వుతుంది, ఉలిక్కిపడుతుంది, ఏడుస్తుంది. ఆమె ఏడుపు చూడటానికి పంతొమ్మిది లక్షల మంది సభ్యులున్నారు. బాల్కనీ జీతం తీసుకుంటూ విభాగానికి సమాచారమిచ్చేది. లేక విభాగం జీతం తీసుకుంటూ బాల్కనీకి ఇచ్చేదో, ఆ లెక్క పెద్దాయనకు కూడా తేలలేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి కూడా హైహీల్స్ విప్పని మనిషి.

ఆమె తలుపు తీసింది. పట్టు గౌను, పొడవాటి చెవిరింగులు, బుగ్గల మీద ఆరని కన్నీళ్లు.

"కర్టెన్లు ఏ రంగు మేడమ్?"

"ఎండకు వెలిసినవే కావాలి. లోపలికి రండి." కోడ్ సరిపోయింది. ఆమె టిష్యూతో బుగ్గలు తుడుచుకుంది. "ఇది మీ కోసం కాదు, కుక్కపిల్ల బావిలో పడ్డ వీడియో."

"బతికిందా?"

"చివరిదాకా చూడలేదు. ఏడుపు వచ్చేసింది, కట్ చేశా."

గోడ టేపుతో కిటికీ కొలుస్తున్నట్టు నటిస్తూ బాల్కనీ గురించి అడిగాడు. ఆమె తనకు తెలిసినంత చెప్పింది. ఈరోజు నాలుగింటికి ఇంకో పని ఉందట. ఎవరిని, ఎక్కడ అన్నది ఆమెకు చెప్పరు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఏ భావమూ లేదు. కెమెరా ఆగిపోతే ఆమె కూడా గోడలాంటిదేనని అతనికి తోచింది.

అప్పుడు ఫోన్ మోగింది. అక్క. ఆమె దృష్టిలో అతను టెలిఫోన్ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా.

"ఒరేయ్ తమ్ముడూ, మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పి ఈ కామెంట్లు తీయించగలవా?"

"అవి చదవకు అక్కా."

"చదవడమేంట్రా, జవాబులు రాస్తున్నా. పొద్దుటి నుంచి మూడు వందలు దాటాయి. తిట్టినవాళ్లకి కూడా అండీ అనే రాశా. సాస్ అన్నవాడికి, సాస్ కాదండీ, ఆయనకి షుగర్ కూడా ఉందండీ అని రాశా." ఆమె గొంతులో ఏడుపు లేదు. మూడు రోజుల ఏడుపు అయిపోయాక మిగిలే పొడిదనం ఉంది. "ఒకడైతే చూడు, వెనకాల పాట పేరేంటి అని అడిగాడు. పాట లేదండీ, అది మా ఆయన గొంతు అని రాశా. నా కిందే ఇంకోడొచ్చి పాట గురించి చెప్తున్నాడు! వీళ్లకేం పుట్టిందిరా?"

గోడ చేతిలో టేపు ఆగింది. "అందులో పాట లేదా?"

"అదేంట్రా? నువ్వు చూడలేదూ?"

అరవై ఒక్కసార్లు చూశాడు. ఒక్కసారీ వినలేదు. పన్నెండు మందిలో ఎవరూ వినలేదు. కంప్యూటర్లకు ఎలాగూ చెవుల్లేవు. ప్రతి వీడియో కిందా ఎవడో ఒకడు పాట పేరు అడుగుతూనే ఉంటాడు కాబట్టి, అందులో అసలు పాట ఉందా అని ఎవరికీ సందేహం రాలేదు. చెవిటివాడి ముందు శంఖమూదారని నవ్వుకోవచ్చు. ఇక్కడ చెవిటితనం నియమంగా రాసి గోడకు తగిలించుకున్న ఆఫీసు అది.

ఫోన్ పక్కన పెట్టి, ఉల్లిపాయ ట్యాబ్‌లో ఆ వీడియో తెరిచాడు. మామూలు వేగం. సౌండ్ పూర్తిగా పెంచాడు. తూటాలు, అరుపులు, చెప్పుల చప్పుడు. తరువాత, కింద కూలబడ్డ బావ గొంతు, చాలా మామూలుగా: "ఎవరూ ఇంటికి ఫోన్ చేయకండి. మా ఆవిడ భయపడుతుంది."

అంతే. పాట లేదు.

ఇప్పుడు లోపల ఏదో ఒకటి జరగాలని గోడకు తెలుసు. కాసేపు ఎదురుచూశాడు కూడా. జరగలేదు. చేతివేళ్లు మాత్రం చల్లబడ్డాయి. ఆ చల్లటి వేలితోనే కామెంట్ల అడుగుకు వెళ్లాడు.

'వెనకాల పాట పేరేంటి?' సున్నా లైకులు. దాని కింద అక్క జవాబు. ఆ కింద ఇంకో జవాబు: 'నాలుగింటి పాట. ముప్పై రెండో నిమిషంలో వస్తుంది.'

వీడియో పొడవు నలభై సెకన్లు. ముప్పై రెండో నిమిషం ఎక్కణ్నుంచి వస్తుంది? ముప్పై రెండు అక్క ఫ్లాట్ నంబరు.

విషయం అర్థమైంది. పాట పేరు అడిగినవాడు హంతకుడు, చెప్పినవాడు ఆర్డరిచ్చేవాడు. పాట లేదని మర్యాదగా రాసిన ఒక్క మాటతో, మొగుడి రహస్యం పెళ్లానికీ తెలుసని బాల్కనీ అనుకుంది. బావను చంపినవాళ్లకు బావ ఇల్లు తెలియదా? గడియారం చూశాడు. మూడున్నర.

"అక్కా, తలుపు గడియ పెట్టు. బయటికి పోకు, కింద మెట్ల దగ్గరే ఉండొచ్చు వాళ్లు. నేను వస్తున్నా."

"ఎవర్రా? పలకరించడానికి వచ్చేవాళ్లు వస్తూ ఉంటే తలుపేసుకోమంటావేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురి సంగతి తర్వాత. గడియ పెట్టు."

"సరేలే" అంది అక్క. అక్క సరేలే అన్నదంటే ఆ పని చేయదని అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

విభాగం టీమ్ ఊరి అవతలి కొసలో ఉంది. నలభై నిమిషాలు పడుతుంది. ఉల్లిపాయ కారు తాళాలు తీసింది.

"మీరెందుకు?"

"మంగళవారం ఈ వీడియో మీద పదకొండు నిమిషాలు ఏడ్చాను. డెబ్భై వేల లైకులు. ఆయనకి భార్య ఉంటుందని నాకు తట్టనే లేదు." ఆమె చెప్పులేసుకుంది. "రండి, నా కారు స్పీడుగా పోతుంది."

ఆమె ఏ పక్షాన నడుపుతోందో అతనికి తెలియదు. ఆలోచించే టైమూ లేదు.

మూడూ యాభై ఆరుకు అపార్ట్‌మెంటు ముందు ఆగారు. నియమం ప్రకారం గోడ జామర్ నొక్కాడు. లిఫ్టు పనిచేయడం లేదు. మూడు అంతస్తులు ఎక్కేసరికి ముప్పై రెండో నంబరు తలుపు బార్లా తెరిచే ఉంది.

హాల్లో అక్క చేతిలో మంచినీళ్ల గ్లాసుతో నిలబడి ఉంది. ఎదురు కుర్చీలో యాభై ఏళ్ల పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, జాలి నిండిన ముఖం, ఒళ్లో యాపిల్ పళ్ల సంచి. కుడిచెయ్యి సంచిలో ఉంది. పళ్ల సంచిలో చెయ్యి అంతసేపు ఎవరూ ఉంచరు.

"కర్టెన్ల కొలతలకండీ" అన్నాడు గోడ.

అక్క తేరిపార చూసింది. "ఏరా, ఆ మీసమేంటి?"

పదకొండు రకాల పరీక్షలు పాసైన మీసం అది. అక్క ముందు మూడు సెకన్లు నిలవలేదు.

పెద్దమనిషి ముఖంలో జాలి అలాగే ఉంది. సంచి మూతి మాత్రం అక్క వైపు తిరిగింది. "తమ్ముడుగారా? కూర్చోండి. చేతులు కనబడేలా" అన్నాడు మెల్లగా. అతని కళ్లు హాల్లో వేలాడుతున్న గడియారం మీదకు పోయాయి. ఇంటి వెనక పట్టాలున్నాయి. సరిగ్గా నాలుగింటికి గూడ్స్ బండి వెళ్తుంది. ఆ మోతలో మూడు తూటాలు కూడా ఎవరికీ వినబడవు. మూడూ యాభై ఎనిమిది.

దూరంగా బండి కూత వినబడింది. కిటికీ అద్దాలు సన్నగా వణకసాగాయి.

ఉల్లిపాయ ఫోన్ ఎత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆ డబ్బా ఆపండి" అంది గోడతో.

ఆపితే ఆమె ఎవరికి కబురు పంపుతుంది? ఆమె మేలుకోరేదైతే అక్క బతుకుతుంది. కాకపోతే బాల్కనీ మొత్తం ఇక్కడికి దిగుతుంది. ఆమె ముఖం చూశాడు. ఏ భావమూ లేదు. కనీసం నటించడం లేదు అనుకున్నాడు. తన సంచిలో చెయ్యి దూర్చకుండానే, బయటి నుంచి మోకాలితో బటన్ నొక్కి జామర్ ఆపేశాడు.

"హలో ఫ్రెండ్స్! లైవ్‌లో ఉన్నాం!" ఆమె గొంతు ఒక్కసారిగా వెలిగింది. "మంగళవారం వీడియోలో చనిపోయినాయన ఇల్లు ఇది. ఈయనెవరో పలకరించడానికొచ్చారు. మీలో ఎవరైనా గుర్తుపడతారా?"

తెర నిండా కామెంట్లు కురిశాయి. ఆమె పైకి చదువుతూ పోయింది. "'ఫేక్' ... 'స్క్రిప్టెడ్, ఆ మీసం చూడండి' ... 'అక్కా రింగులు సూపర్' ... 'ఈయన మా పేట కళ్ల డాక్టర్ కదా' ... 'అవును, మా నాన్నకి అద్దాలిచ్చాడు, తేడాగా ఇచ్చాడు' ... 'మా బిల్డింగులోనే, రెండో అంతస్తు. లిఫ్టు తలుపు ఎప్పుడూ మూయడు' ..."

ఇరవై ఏళ్లు కష్టపడి కట్టుకున్న అనామకత్వం యాభై సెకన్లలో ఊడిపోయింది. డాక్టర్ నుదుట చెమట పట్టింది. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. గూడ్స్ బండి ఇంటి వెనక్కి వచ్చేసింది. గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి.

మోతను మించి అరిచింది ఉల్లిపాయ. "ఇంకొకటి! 'ఏవండీ, క్లినిక్‌కని వెళ్లారు, అక్కడేం చేస్తున్నారు? ఆ ఆడవాళ్లెవరు?'"

డాక్టర్ కళ్లు మూసుకున్నాడు. తొంభై వేల మంది చూస్తుండగా కాల్చి పారిపోవచ్చునేమో. భార్య చూస్తుండగా ఎక్కడికి పోతాడు? చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. యాపిల్ పళ్లు నేలమీద దొర్లాయి, వాటితోపాటు పిస్టల్. గోడ దాన్ని కాలితో పక్కకు నెట్టి, కొలత టేపుతో అతని చేతులు కట్టేశాడు.

సాయంత్రం ఆరింటికల్లా డాక్టర్ ఫోన్‌లోంచి పదకొండు పేర్లు దొరికాయి. బాల్కనీ ఖాళీ అయింది. ఉల్లిపాయ మాత్రం కనిపించకుండా పోయింది.

అక్క సోఫాలో కూర్చుంది. తమ్ముడు ఏ ఉద్యోగం చేస్తాడో, మొగుడు ఏ ఉద్యోగం చేశాడో ఒకే మధ్యాహ్నం తెలిసింది.

"ఆయన గొంతు విన్నావా?"

"విన్నా."

"ఇప్పుడైనా ఏడవరా."

"రావట్లేదక్కా" అన్నాడు గోడ. అది చెప్పడం అతనికి సిగ్గుగా, కష్టంగా ఉంది. అక్క అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఆ లైవ్‌ను రాత్రికి తొమ్మిది లక్షల మంది చూశారు. అన్నిటికన్నా పైన ఉన్న కామెంటుకు నలభై వేల లైకులు: 'అందరూ ఓకే గానీ, ఆ మీసమున్న తమ్ముడి యాక్టింగ్ జీరో. బావ పోయినవాడి ముఖమేనా అది?'

గోడ రెండుసార్లు చదివాడు. విభాగం ఏజెంట్లు ఎక్కడా కామెంటు రాయకూడదు. అయినా రాశాడు: 'ప్రయత్నిస్తున్నానండీ.'

తెల్లవారేసరికి దానికి రెండు లైకులొచ్చాయి. ఒకటి అక్కది. రెండోది ఎవరిదో విభాగం విచారిస్తోంది.