షరీఫా బీ శాలువా

శుక్రవారం, స్కూలు లేదు. ఎడారి దేశంలో, ఖైతాన్ అనే పేటలోని ఫ్లాట్‌లో తొమ్మిదేళ్ళ దుర్గ ఫోన్ పట్టుకుని తెగ మురిసిపోతోంది. నాన్న సూరిబాబు ఊరవతల సులైబియాలో కూరగాయల తోటలో పనిచేస్తాడు. పొద్దున్నే టమాటా ఆకుల మీద తెల్లగా మంచు పేరుకుందని ఫోటో పంపాడు. ఈ చలికాలంలో ఇదే మొదటిసారి.

దుర్గ ఊరుకుంటుందా? వెంటనే అమలాపురంలోని మేనమామ కొడుకు సూర్యకిరణ్‌కి వీడియో కాల్ చేసింది. ఫోటో చూసి బావ పకపకా నవ్వాడు. ఎడారిలో మంచేంటి, ఎక్కడో ఇంటర్నెట్‌లో కొట్టేసిన ఫోటో అని తేల్చేశాడు.

దుర్గకు ఒళ్ళు మండింది. "మా బాల్కనీలో కూడా పడింది. పది నిమిషాలాగు, చూపిస్తా" అనేసింది.

అనేశాక నాలుక కరుచుకుంది. బాల్కనీలో ఉన్నవి ఆరేసిన బట్టలూ, అమ్మ కరివేపాకు మొక్కా మాత్రమే. అమ్మ అరుణజ్యోతి స్నానానికి వెళ్ళింది. దుర్గ ఫ్రీజర్ తెరిచి, గోడలకు పేరుకున్న ఐసును గరిటెతో గీకింది. గిన్నెడు తెచ్చి మొక్క మీద చల్లింది.

ఈసారి బావ నోరెళ్ళబెట్టాడు. సారీ కూడా చెప్పాడు. ఇక దుర్గ కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

మధ్యాహ్నానికి మొక్క చిగుళ్ళు నల్లబడి వేలాడాయి. అది అల్లాటప్పా మొక్క కాదు. అమ్మ గింజ నాటి రెండేళ్ళు పెంచింది. ఆ అంతస్తులో ఎవరింట్లో చారు కాగినా దాని ఆకే పడాలి.

ఎదురింటి షరీఫా బీ రెండు రెబ్బల కోసం వచ్చి, మొక్కను చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆవిడది రాయచోటి. నాన్న పంపిన ఫోటో గుర్తుచేసుకుని, ఆ పాడు మంచు ఇక్కడా పడిందని అమ్మ శాపనార్థాలు పెట్టింది. పాపం, మంచు చెయ్యని తప్పుకు తిట్లు తింది. దుర్గ తలూపింది.

"రాత్రికి మళ్ళా పడితే మొక్క బతకదు పాపా" అంది షరీఫా బీ. వెళ్ళి తన ఉన్ని శాలువా తెచ్చి మొక్కకు చుట్టింది. ఆవిడకున్నది ఆ ఒక్కటే. చుట్టి ఇటు తిరిగిందో లేదో, తుమ్మింది. మళ్ళీ తుమ్మింది.

మూడో తుమ్ముకు దుర్గ కళ్ళు నిండిపోయాయి.

"మంచు పడలేదు పెద్దమ్మా. ఫ్రిజ్‌లోంచి నేనే తెచ్చి చల్లాను."

షరీఫా బీ మొక్కను చూసింది, వంటింటి వైపు చూసింది.

"అయితే ఈ శాలువా ఫ్రిజ్‌కు కప్పుదామా పాపా?"

గట్టిగా కోప్పడదామనుకున్న అమ్మకు నవ్వాగలేదు. అయినా వదల్లేదు. ఆకు కోసం ఎవరొచ్చినా దుర్గే జవాబు చెప్పుకోవాలంది. దుర్గ శాలువా విప్పి, మడిచి, షరీఫా బీ చేతికిచ్చింది.

సాయంత్రం నాన్న టిఫిన్ బాక్సు పట్టుకుని హడావుడిగా వచ్చాడు. "నీకు చూపిద్దామని మంచు తెచ్చానే అమ్మలూ" అంటూ మూత తీశాడు. లోపల తడిసిన టమాటా ఆకు ఒకటి, చెంచాడు నీళ్ళు. నాన్న మొహం చిన్నబోయింది. ఈ రాత్రి చలి ఇంకా ఎక్కువట, రేపు మళ్ళీ తెస్తానన్నాడు.

దుర్గ బావకు ఫోన్ చేసి బాక్సు చూపించింది. "ఇదే అసలు మంచు, కరిగిపోయింది. పొద్దున చూపించింది మా ఫ్రిజ్‌లోది."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. దుర్గ చెవులు ఎర్రబడ్డాయి గానీ కాల్ కట్ చెయ్యలేదు. నవ్వి నవ్వి అలిసిపోయాక, అక్కడ నిజంగా చలేనా అని అడిగాడు.

దుర్గ ఫోన్‌ను బాల్కనీ వైపు తిప్పింది. కరివేపాకు మొక్క ఆమె స్కూలు స్వెటర్ తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని నిలబడి ఉంది.