సాల్మియా విల్లాలో చలి హాలు

కువైట్‌లోని సాల్మియాలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక తెల్లరాయి విల్లా ఉంది. నంబరు చెప్పను. ఏసీ రిపేరు చేసే వాళ్ళ దగ్గర ఆ ఇంటి పేరెత్తండి చాలు... చేతిలో పానా కింద పెట్టేసి, "ఆ ఇంటికి మాత్రం నన్ను పంపొద్దు సార్" అంటారు.

ఎందుకంటే ఆ ఇంటి మేడ మీది హాల్లో చలేస్తుంది.

నవ్వకండి. ముందు వినండి. జూలై నెల. బయట చీకటి పడ్డాక కూడా గాలి పొయ్యి మీంచి వచ్చినట్టు ముఖానికి కొడుతుంది. ఆ హాల్లో మాత్రం తొమ్మిదైతే కాళ్ళు కొంకర్లు పోతాయి. గోడకు థెర్మోస్టాట్ ఉంటుంది కదా, ఎంత చల్లదనం కావాలో మనం నొక్కి చెప్పే చిన్న డబ్బా. దాన్ని ఇరవై మూడు మీద పెడితే ఇల్లు ఇరవై మూడుకు రాగానే ఏసీ ఆగాలి. అక్కడ ఆగదు. తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది, ఎవరో లోపల కూర్చుని ఇంకా, ఇంకా అని అడుగుతున్నట్టు.

పైగా ఆ డబ్బా వెనక నుంచి...

గొణుగుడు.

ఆడగొంతు. అరబ్బీ కాదు, ఇంగ్లీషు కాదు. ఒక్కోసారి ఏడుపు కూడా.

ఆ ఇంట్లో అంతకు ముందు బేబి అని కోనసీమ మనిషి పనిచేసేది. ఒక ఎండాకాలం కళ్ళు తిరిగి పడిపోయి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కణ్ణుంచి మళ్ళీ ఆ ఇంటికి రాలేదు... పెట్టెలో ఊరికి వెళ్ళింది. ఇంకేముంది? గోడలో ఉన్నది బేబియే అన్నారు. కాదు, ఆమెను పట్టుకున్న జిన్ను అన్నారు కొందరు.

నేను చూసినవాణ్ణి కాను. మొన్న శుక్రవారం ఖైతాన్‌లో మా గదిలో భజన అయ్యాక, ప్రసాదం చేతిలో అలాగే పట్టుకుని నాగేశ్వర చెప్తుంటే విన్నాను. రాజంపేట దగ్గరివాడు. అల్ రాయ్‌లో ఏసీ కంపెనీలో పదకొండేళ్ళుగా పని. ఒంటిమిట్ట రాముణ్ణి నమ్ముకున్నవాడు, దేవుడి పటం ముందు కూర్చుని అబద్ధమాడడు. కాస్త దగ్గరికి జరగండి... ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఆ డబ్బాను అప్పటికి మూడుసార్లు మార్చారట. ఒకసారి మలబారీ, ఒకసారి బెంగాలీ, ఒకసారి మిస్రీ, అంటే ఈజిప్టువాడు. ముగ్గురూ అదే పని చేశారు. పాతది పీకారు, కొత్తది తగిలించారు, వెనక్కి చూడకుండా మెట్లు దిగారు. నాలుగోసారి వంతు నాగేశ్వరకు వచ్చింది. జబ్బు రాత్రిపూటే బయటపడుతుంది కాబట్టి పదింటికి రమ్మన్నారు.

గేటు దగ్గర ఆ ఇంటి డ్రైవరు కరీముల్లా ఎదురొచ్చాడు. కడప మనిషి. ఇద్దరికీ పాత పరిచయం.

"స్వెటరు తెచ్చుకున్యావా నాగన్నా?"

"జూలైలో కువైట్‌లో స్వెటరు యాడ దొరుకుతాదప్పా! బయపెట్టేది ఆపి గేటు తీయి."

కరీముల్లా నవ్వలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. (అక్కడి ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు, యజమానిని బాబా.)

"ఈసారి తమాషా కాదన్నా. ఈడ పనిచేసే మద్దమ్మ లేదూ, మన రాయచోటి పక్క ఆయమ్మ... ఆయమ్మే చేతబడి చేసిందంటాండారు. మామా ఎవురినో పిలిపించింది. ఆయన వచ్చి చదివి, నీళ్ళు చల్లి, ఇది ఇంట్లో మనిషి పనే అని చెప్పిపోయినాడు. రేపు పొద్దున్నే పోలీసు స్టేషనుకు. బండి నేనే తోలాల."

"చేతబడి కేసా?"

"సిహర్ అంటారు ఈడ. ఆ కేసు పడితే జైలే అన్నా. మిషనుదే తప్పని నువ్వు తేలిస్తే మామా ఇంటాది. ల్యాకపోతే ఖలాస్."

"ఆయమ్మకు చెప్పినావా?"

"యాట్ల చెప్పేది? వంటింటి గడప దాటి మగోళ్ళం పోకూడదు. ఆయమ్మ గది యాడుండాదో కూడా నాకు తెల్దు."

నాగేశ్వర సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ఎక్కేకొద్దీ చలి. చివరి మెట్టు మీద చేతుల మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయట.

హాలు పెద్దది. నేలమీద తివాచీ, మధ్యలో పొగ కక్కుతున్న బుఖూర్ కుంపటి. జిన్నును తోలడానికి మామా సాయంత్రం నుంచీ ధూపం వేస్తూనే ఉంది. ఆవిడ దూరంగా, పడగ్గది గుమ్మంలోనే నిలబడింది. భుజాల మీద దుప్పటి. కళ్ళ కింద నలుపు. వెనక ఇద్దరు ఆడపిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు.

"అది... ఆ గోడ" అంది హిందీలో. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

హాల్లో ఒక్కడే మిగిలాడు.

గోడ మీద డబ్బా వెలుగుతోంది. పెట్టింది ఇరవై మూడు. డబ్బా చూపిస్తున్నది... ముప్పై నాలుగు.

నాగేశ్వర జేబులోంచి తన సొంత మీటరు తీసి గాల్లో పట్టుకున్నాడు. పదిహేడు.

ఒకే హాలు. ఒకే గాలి. ఆ డబ్బాకు మాత్రం మంటల్లో ఉన్నట్టుంది.

"సామీ... రామా" అనుకున్నాడు. కరెంటు డబ్బాలో స్విచ్చు దించాడు. ఏసీ ఆగింది. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో... వినబడింది.

మ్... మ్... మ్... అని ఒక హోరు. దాని మీద సన్నగా ఒక గొంతు. మాట తెలియదు, తీరు మాత్రం తెలుస్తోంది. ఎవరినో బతిమాలుతున్నట్టుంది.

పారిపోదామనిపించిందట. అక్కడే చెప్పాడు నాతో, "అన్నా, నా కాళ్ళు మెట్లకల్లా తిరిగినాయి. మద్దమ్మ గుర్తుకొచ్చి నిలబడినా" అని.

ఏసీ మళ్ళీ వేశాడు. అతనికొక అలవాటుంది. ఎక్కడైనా గాలి దొంగగా వస్తోందని అనుమానమొస్తే ఒక అగరువత్తి వెలిగించి పట్టుకుంటాడు. పొగ ఎటు వంగితే అటు దారి. ఈసారి అగరువత్తి అక్కర్లేదు. మామా వేసిన బుఖూరే ఉంది. కుంపటి రెండు చేతులతో ఎత్తి, గోడ మీది డబ్బా కిందికి తెచ్చాడు.

పొగ నిటారుగా లేచింది. డబ్బా దాకా వచ్చింది. అక్కడ...

వెనక్కి వంగింది.

అతని ముఖం మీదికి. గోడలోంచి ఎవరో ఊదినట్టు.

కుంపటి దించి, స్విచ్చు మళ్ళీ దించి, స్క్రూలు విప్పాడు. వైర్లు ఏది ఎక్కడుందో ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఎర్రది, పసుపుది, పచ్చది ఒక్కొక్కటీ వదులు చేశాడు. డబ్బా ఊడి చేతిలోకి వచ్చింది.

డబ్బా వెనక ఒక బొక్క.

వైరు రావడానికి వేలు పట్టేంత రంధ్రం చాలు. ఇది పిడికిలి పట్టేంత ఉంది. అంచులు గీకినట్టు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తవ్వినట్టు ఉన్నాయి. అందులోంచి వేడి సెగ. ఊపిరిలాగా, తడిగా, సబ్బు వాసనతో.

అతనికి ఒక్కసారి అర్థమైంది. డబ్బాకు పిచ్చి పట్టలేదు. వెనక నుంచి వేడి గాలి తగులుతుంటే, హాలు మొత్తం మండిపోతోందని అది నమ్ముతోంది. అందుకే ఏసీని ఆగనివ్వడం లేదు. ముగ్గురొచ్చి మూడు డబ్బాలు మార్చారు, భయంతో ఒక్కరూ వెనక చెయ్యి పెట్టి చూడలేదు.

సంతోషం పట్టలేక పైకే అనేశాడు. "ఓరి నీ పాసుగూల! ఈ బొక్క మూస్తే సరిపాయె!"

బొక్కలోంచి జవాబొచ్చింది.

"మూయొద్దు నాయనా..."

తెలుగు! రాయచోటి తెలుగు.

"నీకు దండం పెడతా... ఆ బొక్క మూయొద్దు..."

స్క్రూడ్రైవరు జారి పడింది. వెనక్కి వెనక్కి జరిగి తివాచీ మీద కూలబడ్డాడు. రామా రామా అనుకున్నాడు. అప్పుడు ఆ బొక్కలో... ఒక కన్ను కనబడింది. తడి కన్ను. రెప్ప కొట్టింది.

"ఎవురు నువ్వు... బేబివా?" అన్నాడు ఎలాగో.

"బేబి ఎవురన్నా? నేను మద్దమ్మను."

గోడకు అవతల ఉన్నది బట్టలుతికే గది. దానికి దారి వంటింటి వెనక మెట్ల మీదుగా. హాల్లో నిలబడితే ఆ వైపు ఒక గది ఉందనే తెలియదు. కిటికీ లేదు. నీళ్ళు కాగే పెద్ద పీపా, బట్టలారబెట్టే మిషను, వాటి మధ్య ఒక పరుపు. రాత్రి వంటింటి పని అయ్యాక మిషను వెయ్యాలి. చప్పుడు ఇంట్లోకి పోకుండా తలుపు మూసుకోవాలి. తొమ్మిదింటి నుంచీ ఆ గది పొయ్యి.

"ఈ బొక్క దగ్గర మొగం పెట్టుకుంటే కొంచెం గాలి లాగినట్టుంటాదన్నా. అట్లనే కూచోని నా బిడ్డతో ఫోన్లో మాట్లాడుకుంటా. నేను తవ్వలా, సత్యంగా. నేనొచ్చేసరికే ఉండాది. పరుపు కింద ఒక వంకర స్పూను కూడా ఉండె."

ఎవరి స్పూనో నాగేశ్వర అడగలేదు.

గోడకు దగ్గరగా కూర్చుని, రేపు పొద్దున సంగతి ఆమెకు చెప్పాడు.

"చేతబడా..." అంది. "నాకు బట్టలుతికేదానికే టయిం చాలదు కదన్నా."

అతను వెళ్ళి పడగ్గది తలుపు తట్టాడు. మామాకు అంతా చెప్పాడు. బొక్క చూపించాడు. ఇది జిన్ను కాదు, చేతబడి కాదు, వెనక గదిలో వేడి, అక్కడున్నది మీ మద్దమ్మ, మీరు విన్నది ఆమె మాటే, అన్నాడు.

మామా బొక్కకేసి చూసింది. అటునుంచి, "మామా..." అని మెల్లగా ఒక గొంతు.

ఆవిడ సోఫాలో కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. బరువు దిగిన ఏడుపు. అల్‌హమ్దులిల్లాహ్, అల్‌హమ్దులిల్లాహ్ అంటూ పిల్లల్ని పిలిచి ముద్దులు పెట్టుకుంది. చూశారా, ఎవరూ లేరు, పనిమనిషే, అంది. పిల్లలు నవ్వారు. స్టేషనుకు పోనక్కర్లేదని కింద కరీముల్లాకు ఫోన్ చేసింది. నాగేశ్వరకు తన చేత్తో ఖర్జూరాలు పెట్టింది.

చెడ్డ మనిషి కాదు సుమా. నెలల తరబడి నిద్ర లేని తల్లి. కానీ నాకొక మాట గుండెలో ముల్లులా ఉండిపోయింది, చెప్పేస్తాను. ఏడ్చేది చచ్చినదనుకున్నన్నాళ్ళూ ఆ గోడకు ధూపం వేశారు, మంత్రం చదివించారు, దీపం ఆర్పకుండా ఉంచారు. ఏడ్చేది బతికే ఉందని తెలిసిన రాత్రి అందరికీ హాయిగా నిద్ర వచ్చింది. దేవుడు ఎవరి మొర వింటాడో ఆయనకే తెలియాలి.

"మేడమ్, ఆ గదికి చిన్న గాలి గొట్టం ఒకటి వేస్తాను. అరపూట పని" అన్నాడు నాగేశ్వర.

"బాబాను అడగాలి. చూద్దాం, ఎండలు తగ్గాక" అంది. "వాళ్ళకు వేడి అలవాటే కదా? మీ ఊళ్ళో వేడి లేదా?" ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

"పోనీ ఈ డబ్బాను అవతలి గోడకు మారుస్తాను, బొక్క అలాగే..."

"లా, లా, వద్దు. బొక్క మూసెయ్. వేడి గాలి వస్తుంది. ఆ మాటలు వింటే పిల్లలు మళ్ళీ భయపడతారు. యల్లా, త్వరగా."

ఆవిడ పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్ళింది. నాగేశ్వర సంచిలోంచి ఫోమ్ డబ్బా తీశాడు. నొక్కితే నురగలా వచ్చి, ఉబ్బి, గట్టిపడే మందు. తీశాడే కానీ చెయ్యి లేవలేదు.

"ఇన్న్యానన్నా" అంది గోడ లోపలి గొంతు. "మూసేయి."

"అమ్మా... నేను సగం మూసి, మూసినానని చెప్తా."

"వద్దు. రేపు మళ్ళా చలేసిందంటే నా మీదికే వస్తాది. జైలుకు పోతే నా బిడ్డతో ఎవురు మాట్లాడతారు? గట్టిగా మూసేయి."

నురగ కొట్టాడు. బొక్క పెద్దది కదా, నిలవడం లేదు. అవతలి గదిలోకి జారిపోతోంది.

"ఇటు పడిపోతాంది అన్నా. ఉండు, నేను చెయ్యి అడ్డం పెడతా."

అవతల ఆమె అరచెయ్యి ఆనించింది. వేళ్ళ సందుల్లో గది వెలుతురు సన్నగా కనబడింది. నాగేశ్వర మళ్ళీ నొక్కాడు. నురగ ఆ చేతిని ఆనుకుని నిలిచింది, ఉబ్బింది, వెలుతురు గీతలు ఒక్కొక్కటే పోయాయి.

"ఎంతసేపు పట్టుకోవాల్నన్నా?" గొంతు ఇప్పుడు దూరం నుంచి వచ్చినట్టుంది.

"ఐదు నిమిషాలమ్మా. గట్టిపడినాక గోడకు రెండుసార్లు తడతా. అప్పుడు తీసేయి."

ఏదో అంది. ఏమందో వినబడలేదు.

డబ్బా తగిలించాడు. ఏసీ వేశాడు. ముప్పై... ఇరవై నాలుగు... ఇరవై మూడు. టక్‌మని ఆగిపోయింది. హాల్లో చీమ చిటుక్కుమనడం లేదు.

గోడకు రెండుసార్లు తట్టాడు.

జవాబు లేదు.

చెవి ఆనించి మళ్ళీ తట్టాడు. పిడికిలితో తట్టాడు. హోరు లేదు, మాట లేదు. అంత బాగా మూశాడు.

అక్కడికి చెప్పి నాగేశ్వర ఆగిపోయాడు. చేతిలో ప్రసాదం ఆకు ఎండిపోయింది. నావైపు చూడకుండా అన్నాడు...

"నేను తట్టింది ఆయమ్మకు ఇనపడిందో లేదో అన్నా... ఆ గోడకు చెయ్యి పెట్టుకోని ఇంకా అట్లనే నిలబడుకోనుందేమో."